పనిచోట పార్థసారథి

తోటి ఉద్యోగితో, పై అధికారితో, కింద పనిచేసేవారితో మన సంబంధం ఎలా ఉండాలి? విరాటుని కొలువు నుంచి నేటి కార్యాలయం దాకా ఇతిహాసం చూపే దారి

ఉదయం ఎనిమిది గంటల వేళ కంకిపాడు కూడలిలో నిలబడితే కృష్ణా డెల్టా పనిలోకి కదలడం కనిపిస్తుంది. బందరు రోడ్డు మీద విజయవాడ వైపు ఒక ప్రవాహం, ఉయ్యూరు వైపు మరొకటి, గుడివాడ దారిలో ఇంకొకటి. బస్సుల్లో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ఆసుపత్రి నర్సులు, దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు. ఆటోల్లో నాట్లకు వెళ్ళే ముఠాలు. వీరందరి ముందూ ఒకే ప్రశ్న ఉంటుంది. ఈ రోజు ఎవరి పక్కన పనిచేయాలి? వారి మాట తీరు ఎలా ఉండబోతోంది?

బంధువులు పుట్టుకతో వస్తారు. స్నేహితులను మనమే ఎంచుకుంటాం. పనిచోట కలిసేవారు మాత్రం ఈ రెండు కోవలకూ చెందరు. వారిని మనం కోరుకోలేదు, వారూ మనల్ని కోరుకోలేదు. అయినా మెలకువగా ఉండే సమయంలో ఎక్కువ భాగం వారి మధ్యనే గడుస్తుంది. అక్కడ దొరికిన ఆదరం ఇంట్లో చిరునవ్వుగా కనిపిస్తుంది. అక్కడ తగిలిన అవమానం రాత్రి భోజనాల దగ్గర భార్య మీదో, భర్త మీదో, ఏమీ ఎరుగని పిల్లల మీదో కోపంగా దిగుతుంది. పూజగదిలో పావుగంట కూర్చుని, పనిచోట ఎనిమిది గంటలు మరొకరి మనసు గాయపరిస్తే ఆ పూజ ఎవరికి చేరుతుంది? కొలువులో మన నడత కూడా ఆరాధనలో భాగమేనని మన ఇతిహాసం చెబుతోంది. ఆ పాఠం విస్తారంగా దొరికే చోటు విరాటపర్వం.

ధౌమ్యుడు చెప్పిన కొలువు పాఠం

పన్నెండేళ్ళ వనవాసం ముగిసింది. పాండవులు ఒక ఏడాది అజ్ఞాతంలో గడపాలి. నిన్నటిదాకా కొలువు తీరినవారు ఇప్పుడు కొలువు చేయాలి. అప్పుడు పురోహితుడైన ధౌమ్యుడు వారిని కూర్చోబెట్టి, రాజు దగ్గర ఎలా మెలగాలో వివరించాడు. మరొకరు ఆశించే ఆసనంలో కూర్చోవద్దు. అడగనిదే ప్రభువుకు హితబోధ చేయవద్దు. ఆయన రహస్యం బయటపెట్టవద్దు. ఆయనతో చనువు ఉందని చాటుకోవద్దు. ఆయన వేషభాషలను అనుకరించవద్దు. అప్పగించిన పనిలో ధనాన్ని ముట్టవద్దు. మన్నన దొరికితే పొంగిపోవద్దు, దొరకకపోతే కుంగిపోవద్దు.

13వ శతాబ్దంలో భారతాన్ని తెనిగించిన తిక్కన సోమయాజి తన రచనను ఈ విరాటపర్వంతోనే ప్రారంభించాడు. ఆయన నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి కొలువులో మంత్రి. రాజాస్థానంలో మాట ఎలా పుడుతుందో, చెవులు మారుతూ ఎలా వంకర తిరుగుతుందో దగ్గరగా చూసినవాడు. అందుకేనేమో, ఆయన విరాటపర్వం చదువుతుంటే రాజసభ మనకు తెలిసిన కార్యాలయంలాగే తోస్తుంది.

తిక్కన పని గురించీ ఒక కథ వాడుకలో ఉంది. ఆయన ఆశువుగా చెబుతూ ఉంటే గురునాథుడనే లేఖకుడు రాసేవాడట. ఎక్కడా ఆగకుండా చెప్పాలని ఒప్పందం. సంజయుడు ధృతరాష్ట్రునికి యుద్ధవార్త వినిపించే ఒక ఘట్టంలో కవికి మాట తోచలేదు. ఇక ఏమి చెప్పేదని లేఖకుణ్ణి పేరు పెట్టి పిలిచి నిట్టూర్చాడు. గురునాథుడు ఆ మాటనే పద్యంలో రాశాడు. సంధి కలిస్తే అది కురునాథుడైన ధృతరాష్ట్రుని సంబోధనగా మారి పద్యంలో చక్కగా అమరింది! కథ నిజమో కాదో పక్కన పెడదాం. అందులోని సంబంధం గమనించదగినది. పెద్దవాడి తడబాటును చిన్నవాడు నలుగురిలో చాటలేదు, నిలబెట్టాడు. ఆ చిన్నవాడి పేరును లోకం మరచిపోలేదు.

ఇద్దరు రథికులు, ఇద్దరు సారథులు

కురుక్షేత్రంలో ఒకే పనిని ఇద్దరు చేశారు. అర్జునుని పగ్గాలు శ్రీకృష్ణుడు పట్టాడు. కర్ణుని పగ్గాలు శల్యుడు పట్టాడు. ఇద్దరూ గుర్రాల మర్మం ఎరిగినవారే. ఇద్దరి నైపుణ్యమూ సమానమని దుర్యోధనుడు నమ్మాడు. తేడా అంతా మాటలో ఉంది.

కర్ణుని తేజస్సు తగ్గిస్తానని శల్యుడు ముందే ధర్మరాజుకు మాట ఇచ్చి ఉన్నాడు. రథం కదలగానే ఎత్తిపొడుపులు మొదలయ్యాయి. హంసతో పందెం వేసి సముద్రంలో పడిన కాకి కథ చెప్పి, ఆ కాకివి నువ్వేనన్నాడు. కర్ణుడూ ఊరుకోలేదు. శల్యుణ్ణే కాదు, ఆయన మద్రదేశాన్నంతా తిట్టాడు. శత్రువు ఎదురుగా నిలిచి ఉండగా ఒకే రథం మీది ఇద్దరు ఒకరినొకరు చీల్చుకున్నారు. వారిద్దరి మధ్య సంధి చేయడానికి దుర్యోధనుడు స్వయంగా రావలసి వచ్చింది.

ఇటు చూడండి. సైంధవవధ జరిగిన రోజున మధ్యాహ్నానికి అర్జునుని గుర్రాలు అలసిపోయాయి. ఒళ్ళంతా బాణాలు దిగి ఉన్నాయి. అర్జునుడు నేల మీద నిలిచి శత్రువులను ఆపుతుంటే, శ్రీకృష్ణుడు గుర్రాలను విప్పి, బాణాలు తీసి, ఒళ్ళు నిమిరి, నీళ్ళు తాగించాడు. జగన్నాథునికి అది చిన్నపనిగా తోచలేదు. అర్జునుడు విషాదంలో కూలినప్పుడు ధైర్యం చెప్పిందీ ఆ సారథే. అవసరమైన చోట మందలించిందీ ఆయనే. పొగడ్త ఒక్కటే స్నేహం కాదు. అయితే ఆ మందలింపు అర్జునుణ్ణి లేపి నిలబెట్టడానికి వచ్చింది, పడదోయడానికి కాదు.

పనిచోట మంచి సంబంధానికి ఇంతకంటే స్పష్టమైన కొలత లేదు. ఎదుటివారి తప్పు చెప్పిన తర్వాత వారు పనిని మరింత బాగా చేయగలుగుతున్నారా? అయితే ఆ మాట కృష్ణ సారథ్యం. చేతులు వణికి, ఉన్న నేర్పు కూడా మరచిపోతున్నారా? అయితే అది శల్య సారథ్యం. నలుగురి ముందు వెటకారం చేసి, ఆనక సరదాకు అన్నానని తప్పించుకునేవారు ఈ కొలతను తమకు తామే పెట్టుకోవాలి.

గెలుపు ఎవరి ఖాతాలో?

కౌరవులు గోవులను మళ్ళించినప్పుడు ఉత్తరకుమారుడు అంతఃపురంలో గొప్పలు పలికాడు. యుద్ధభూమిలో సేనను చూడగానే రథం దిగి పరుగెత్తాడు. వెంటపడి పట్టుకున్న బృహన్నల అతణ్ణి నవ్వులపాలు చేయలేదు. భయపడకు, నువ్వు పగ్గాలు పట్టు, యుద్ధం నేను చేస్తానన్నాడు. పారిపోయిన పిల్లవాడికి తన చేతనైన పని ఒకటి దొరికింది. ఆ పని అతడు చక్కగా చేశాడు. గెలిచి తిరిగి వచ్చేటప్పుడు ఆ విజయం ఉత్తరునిదేనని నగరంలో చెప్పించమన్నాడు అర్జునుడు.

అక్కడ సభలో విరాటుడు కంకునితో పాచికలాడుతూ కొడుకు ప్రతాపాన్ని పొగుడుతున్నాడు. బృహన్నల సారథి అయినప్పుడు గెలుపుకు ఆశ్చర్యమేముందని కంకుడు పదేపదే అన్నాడు. పేరు మరొకరికి పోవడం రాజు సహించలేకపోయాడు. చేతిలోని పాచికలతో కంకుని ముఖం మీద కొట్టాడు. నెత్తురు కారింది. అది నేల మీద పడకుండా సైరంధ్రి పాత్ర పట్టింది.

అప్పుడే ఉత్తరుడు వచ్చాడు. ఆ నెత్తురు చూసి ఎవరు కొట్టారని అడిగాడు. తండ్రి చేసింది తప్పని ఆయన ముఖం మీదే చెప్పాడు. క్షమాపణ అడగమన్నాడు. విరాటుడు అడిగాడు. గెలిచింది తాను కాదని, ఒక దేవకుమారుడు గెలిచాడని కూడా ఉత్తరుడు ఒప్పుకున్నాడు. ఉదయం పిరికివాడిగా బయలుదేరిన యువకుడు సాయంత్రానికి ధీరుడై వచ్చాడు. కౌరవసేనను ఎదిరించడం కంటే, తనది కాని ఘనతను వదులుకోవడానికే ఎక్కువ ధైర్యం కావాలి. మరొకరు రాత్రంతా కూర్చుని తయారుచేసిన కాగితం మీద తన పేరు రాసుకునే అధికారికీ, ఆ అధికారిని చూసి అదే నేర్చుకునే కొత్త ఉద్యోగికీ ఉత్తరుడు మంచి గురువు.

కీచకుడు ఒక్కడే దోషి కాదు

విరాటపర్వంలో మనం తల దించుకుని చదవవలసిన కథ ఇది. సైరంధ్రిగా కొలువులో చేరేటప్పుడే ద్రౌపది తన నియమాలు చెప్పింది. ఎంగిలి ముట్టనని, పాదాలు కడగనని స్పష్టం చేసింది. సుదేష్ణ అంగీకరించింది. పనిలో చేరిన రోజునే హద్దులు తెలపడం గర్వం కాదు, అది ఆత్మగౌరవం. కానీ రాణి తమ్ముడు, సేనాపతి అయిన కీచకుని కన్ను ఆమె మీద పడింది. ఆమె కాదంది. మళ్ళీ కాదంది. చివరకు అతని ఇంటికి వెళ్ళి మద్యం తెమ్మని రాణే ఆమెను పంపింది. వెళ్ళడం ఇష్టం లేదని, కారణం కూడా చెప్పి ద్రౌపది వేడుకున్నా రాణి వినలేదు.

కీచకుని నుంచి తప్పించుకుని ఆమె సభలోకి పరుగెత్తింది. రాజు చూస్తుండగానే కీచకుడు ఆమెను తన్నాడు. న్యాయం అడిగిన ఆమెకు విరాటుడు ఇచ్చిన జవాబు ఏమిటి? నా పరోక్షంలో మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో నాకు తెలియదన్నాడు! సభ్యులు ఆమెను మెచ్చుకున్నారు, కీచకుణ్ణి నిందించారు. అంతకు మించి ఎవరూ కదలలేదు.

ఈ సభ మనకు తెలియనిదా? వేధించేవాడు పనిమంతుడు. అతడు లేకపోతే సంస్థ నడవదన్న భయం యజమానికి. అతడు తనవాడన్న మమకారం పై అధికారికి. లోలోపల జాలి, బయటికి మౌనం తోటివారికి. బాధపడిన స్త్రీకి మాత్రం సర్దుకుపొమ్మన్న సలహా. ఓర్పు గొప్ప గుణమే. కానీ ఓర్పును బోధించవలసింది కోపిష్టికి, బాధితురాలికి కాదు. అజ్ఞాతవాసం బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళ అడవి తప్పదు కనుక ధర్మరాజు ఆ సభలో సంయమనం పాటించాడు. మనం మౌనంగా ఉండటానికి అటువంటి కారణం ఏముంది?

ద్రౌపది మౌనంగా ఉండలేదు. ఆ రాత్రే వంటశాలకు వెళ్ళి భీముణ్ణి లేపి జరిగినదంతా చెప్పింది. నమ్మకమైన ఒక్కరికి వెంటనే చెప్పడం ఆమె చూపిన మొదటి మెట్టు. కీచకుడు పోయాక ఏమైంది? సేనాపతి లేడని తెలిసి సుశర్మ, కౌరవులు మత్స్యదేశం మీద పడ్డారు. దుర్మార్గుడైన ఒక సమర్థుని మీద రాజ్యమంతా ఆధారపడితే వచ్చే ఫలితం అది. ఆనాడు ఆ రాజ్యాన్ని కాపాడింది ఎవరు? ఎవరూ పట్టించుకోని వంటవాడు, గుర్రాల కాపరి, గోవుల కాపరి, నాట్యం నేర్పే బృహన్నల.

యజమానికీ ధర్మం ఉంది

ధౌమ్యుడు కొలువు చేసేవారికి చెప్పాడు. కొలువు ఇచ్చేవారి బాధ్యతను గౌతమ బుద్ధుడు సిగాలకుడనే గృహస్థునికి చేసిన బోధలో ఎంతో స్పష్టంగా చెప్పాడు. యజమాని తన పనివారిని అయిదు విధాల చూసుకోవాలన్నాడు. శక్తికి తగిన పని ఇవ్వాలి. తిండి, వేతనం ఇవ్వాలి. జబ్బు చేస్తే సంరక్షించాలి. అరుదుగా దొరికే మంచి పదార్థాలను పంచుకోవాలి. తగిన వేళల్లో విశ్రాంతి ఇవ్వాలి. దానికి ప్రతిగా పనివారు శ్రద్ధగా పనిచేసి, ఇచ్చినదే తీసుకుని, యజమాని మంచిని నలుగురిలో నిలబెట్టాలన్నాడు. గమనించండి, ఇది రెండు వైపుల ఒప్పందం. ఒక వైపు తెగితే రెండో వైపు నిలవదు. కంకిపాడుకు చుట్టుపక్కల కృష్ణాతీరంలోనే ఘంటసాల, భట్టిప్రోలు, అమరావతి స్తూపాలు వెలిశాయి. ఈ బోధ ఒకప్పుడు మన నేల మీద వినిపించినదే.

ఈ పరస్పరత ఇప్పటికీ మన పొలాల్లో కనిపిస్తుంది. సార్వా నాట్లలో స్త్రీలు వరుసగా నిలిచి వెనక్కి నడుస్తూ నారు నాటుతారు. ఎకరానికి ఇంతని గుత్తకు ఒప్పుకుని, వచ్చిన కూలిని పంచుకుంటారు. కొత్తగా వచ్చిన అమ్మాయి వెనకబడితే అటు ఒకరు, ఇటు ఒకరు ఆమె వరుసలో నాలుగు కుదుళ్ళు వేసి తమతో కలుపుకుంటారు. ఒకరు ఆగితే వరుస అంతా ఆగుతుందని వారికి తెలుసు. కంకిపాడుకు దక్షిణాన ఉన్న కూచిపూడిలోనూ ఇదే నీతి. భామాకలాపంలో ప్రేక్షకుల కళ్ళు సత్యభామ మీద ఉంటాయి. ఆమెతో సంభాషించే మాధవి పాత్రలో సూత్రధారుడు మాట అందిస్తూ ఆటను నడుపుతాడు. ఒకరు వెలగడానికి మరొకరు వెనుక నిలవడం అక్కడ చిన్నతనం కాదు.

కాలువ నీరు, కార్యాలయంలో మాట

ఈ డెల్టాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేని విషయం ఒకటుంది. 1855లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చిన తర్వాత కూడా, ఇక్కడి బతుకు కాలువ నీటి మీదే నడుస్తోంది. ఎగువన ఉన్నవారు తూములు ఎత్తి తమ చేలు నింపుకుంటే శివారు పొలం ఎండుతుంది. కార్యాలయంలో సమాచారమూ అంతే. పై వారు తెలిసినది తమ దగ్గరే ఆపుకుంటే చివరివారికి పుకార్లే మిగులుతాయి. ఎండిన కాలువలో తూటికాడ మొలిచినట్టు, నిజం పారని చోట చాడీలు మొలుస్తాయి.

స్నేహానికీ, ముఠాతత్వానికీ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇద్దరు కలిసి టీ తాగడం స్నేహం. ఆ టీ వేళ అక్కడ లేని మూడో మనిషి గురించే మాట సాగితే అది ముఠాతత్వం. కులం, ఊరు, చదివిన కళాశాల చూసి దగ్గరకు తీయడం మొదట ఆప్యాయతగానే కనిపిస్తుంది. బయట మిగిలినవారి వైపు నుంచి చూస్తే అది గోడ. లేనివారి గురించి మనం మాట్లాడే మాట, వారు వచ్చి పక్కన కూర్చున్నా అలాగే కొనసాగించగలమా? ఈ ఒక్క ప్రశ్న చాలా నోళ్ళను శుభ్రం చేస్తుంది.

చట్టం చేసిన ధర్మం

భీముని మార్గం మనకు లేదు, ఉండకూడదు. ఆ స్థానంలో నేడు చట్టం నిలిచింది. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన ఒక గ్రామ కార్యకర్త మీద 1992లో అత్యాచారం జరిగింది. ఆ దారుణం తర్వాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. 1997లో విశాఖ కేసులో కోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో పార్లమెంటు పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం చేసింది. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలే ఉండాలి. పది మంది కంటే తక్కువ ఉన్న చోట్ల పనిచేసేవారు, ఇళ్ళలో పనిచేసే స్త్రీలు జిల్లా స్థాయి స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. సాధారణంగా మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలల గడువు పెంచవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఫిర్యాదు చేసినవారి వివరాలు గోప్యంగా ఉంచాలి. నా పరోక్షంలో జరిగినది నాకు తెలియదన్న విరాటుని జవాబుకు నేటి చట్టంలో చోటు లేదు. విచారించి తెలుసుకోవడమే యజమాని విధి.

అయితే చట్టం చెడును ఆపగలదు, మంచిని పుట్టించలేదు. తోటివారి పిల్లవాడికి జ్వరం వస్తే వారి పని కాసేపు మనం చూడమని ఏ చట్టమూ ఆదేశించదు. కొత్తగా వచ్చినవారికి అన్నం గిన్నె పక్కన చోటు ఇవ్వమని ఏ కమిటీ తీర్మానించదు. ఊడ్చే మనిషిని పేరుతో పిలవమని, ఆ పేరు వెనుక వయసుకు తగ్గట్టు అమ్మా అనో, అన్నా అనో చేర్చమని ఏ ఉత్తర్వూ రాదు. ఇవన్నీ మన సంస్కారానికి వదిలిన పనులు.

గుడిలో పార్థసారథికి నమస్కరించేటప్పుడు ఆయన చేతుల వైపు చూద్దాం. కురుక్షేత్రంలో పగ్గాలు, కొరడా పట్టిన చేతులు అవి. మరొకరి గెలుపు కోసం పనిముట్టు పట్టిన దైవం ఆయన. రేపు సోమవారం. మన పక్కన కూర్చునేవారి రథం కూడా కొంత మన చేతుల్లోనే నడుస్తుంది. దానికి శల్యులం కాకుండా ఉంటే చాలు, ఆ రోజు పూజ జరిగినట్టే.